చలవ తగ్గింది అమ్మ చేతిలో కాదు, దుంపలో!

మా అమ్మ చేతి చలవకి ఎండుపుల్ల కూడా చిగురేస్తుందని రాజమండ్రిలో మా వీధంతా అనేవాళ్ళు. కనకాంబరాలు, చేమంతులు, డిసెంబరు పూలు... ఏది పాతినా బతికేది. అలాంటి మనిషి రెండేళ్ళ క్రితం హైదరాబాదులో మా ఫ్లాటు బాల్కనీలో ఒక కుండీ ముందు కూర్చుని, "వయసైపోయింది కదరా, నా చేతిలో చలవ పోయినట్టుంది" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ మీద కాదు, ఆ కుండీలో పాతిన ట్యులిప్ దుంపలు మాకు అంటగట్టినవాడి మీద!

ఆన్‌లైన్లో నేనే కొన్నాను లెండి. "ఇంట్లో కుండీలో పెంచుకోవచ్చు, చాలా తేలిక, నీళ్ళూ వెలుతురూ చాలు" అని రాశాడు. చాలవు. ట్యులిప్ పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు. అక్కడి చలికాలం గడిస్తే గానీ దుంపలోని మొగ్గ కదలదు. సుమారు 12 నుంచి 16 వారాల పాటు 2-9 డిగ్రీల చలి తగలాలి. తగలకపోతే ఆకులతో సరిపెడుతుంది, లేదా మొగ్గ లోపలే ఎండిపోతుంది. డిసెంబర్లో మనం మంకీ క్యాప్ పెట్టుకుని తిరుగుతాం గానీ, మధ్యాహ్నం 28 డిగ్రీల దాకా ఉండే ఊళ్ళో ట్యులిప్‌కి అది చలికాలమే కాదు.

ఈ ముక్క పాకెట్ మీద ఎక్కడా లేదు. మెయిల్ పెడితే వచ్చిన జవాబు: "మీరు నీళ్ళు ఎక్కువ పోసి ఉంటారు." చూశారా! ముందు ఇన్‌స్టాల్ చేయాల్సినదేదో డాక్యుమెంట్లో రాయకుండా, ప్రోగ్రాం నడవకపోతే "యూజర్ ఎర్రర్" అని టికెట్ మూసెయ్యడం. మన వృత్తిలో మనం చేసే పాపమే కాబట్టి చూడగానే గుర్తుపట్టాను.

పంతం కొద్దీ మర్నాటి ఏడాది మళ్ళీ కొన్నాను, ఐదు దుంపలు. అక్టోబరు మొదటి వారంలో కాగితం సంచీలో పెట్టి ఫ్రిజ్‌లో (ఫ్రీజర్లో కాదు) 13 వారాలు ఉంచాను. ఆపిల్స్, అరటిపళ్ళు బయటికి పోయాయి, ఎందుకంటే పండే పళ్ళు వదిలే ఎథిలీన్ వాయువు దుంపలోని మొగ్గని చంపేస్తుంది. సంచీ మీద పెద్ద అక్షరాలతో "విషం" అని రాశాను. చూడ్డానికి ఉల్లిపాయలాగే ఉంటుంది మరి, పొరపాటున కూరలో పడితే? ఈ హెచ్చరిక కూడా అమ్మినవాడు రాయలేదు! జనవరిలో కుండీలోకి మార్చి, పిలకలు వచ్చేదాకా నీడలో ఉంచి, తర్వాత కిటికీ దగ్గర పెట్టాను. మూడు పూశాయి. ఆరు రోజులున్నాయి.

"ప్రతి ఏడూ పూస్తుంది" అన్నది రెండో అబద్ధం. పువ్వు రాలాక ఆకులు కొన్ని వారాలు చల్లటి ఎండలో ఉండి దుంపని మళ్ళీ నింపాలి. మన మార్చి ఎండకి ఆకులే మాడిపోతాయి. శ్రీనగర్లోని పెద్ద ట్యులిప్ తోటకే దుంపలు నెదర్లాండ్స్ నుంచి తెప్పించారు, ఢిల్లీ రోడ్ల పక్కన నాటినవీ చాలావరకు అక్కడివే. ఇక మా బాల్కనీ ఎంత! మన ఎండల్లో ట్యులిప్ అంటే ఒక్కసారి కాలే కాకరపువ్వొత్తి. అలాగని చెప్పి అమ్మితే నాకే అభ్యంతరమూ లేదు, నేనే మళ్ళీ కొంటాను.

"కొనేముందు నువ్వు గూగుల్ చేసుకోవాల్సింది" అంటారా? నా వరకూ ఒప్పుకుంటాను. కానీ మా అమ్మ జీవితమంతా మొక్కలు కొన్నది కడియం నర్సరీల్లో. "ఇది మీ ఊళ్ళో బతకదండీ, ఇంకోటి తీసుకోండి" అని మొహం మీద చెప్పేవాళ్ళు. అమ్మేవాడు చెబుతాడన్న నమ్మకంతో బతికిన మనిషి, మొక్క రాకపోతే అమ్మినవాణ్ణి కాదు, తన చేతిని అనుమానించుకుంది. నాకు మండింది ఇందుకే.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. దుంపకి చలి పెట్టి అమ్ముతున్నారా లేదా, పెట్టకపోతే ఎన్ని వారాలు పెట్టాలి, వేడి ఊళ్ళలో ఒక్కసారే పూస్తుంది, తింటే విషం: ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయండి. అలాగే "నీలం ట్యులిప్ విత్తనాలు" అమ్మడం ఆపండి. అచ్చమైన నీలం ట్యులిప్ అనేదే లేదు. పైగా ఏ రంగుదైనా విత్తనం నుంచి పువ్వు దాకా ఐదారేళ్ళు పడుతుంది.

అన్నట్టు, ఆ మూడు పూలనీ చూసి అమ్మ దగ్గరగా వంగి వాసన చూసింది. "మూడు నెలలు ఫ్రిజ్ ఖాళీ చేయించి, ఇంతా చేసి వాసనే లేదేమిట్రా?" అంది. అదే కుండీలో ఇప్పుడు చేమంతులున్నాయి.