ప్రహరీ గోడకు వెలుపలి లెక్క

నెల్లూరు ట్రంకు రోడ్డు నిన్న మొన్నటిది కాదు. మద్రాసు నుండి కలకత్తాకు పోయే రహదారి ఒకప్పుడు ఊరి నడుమ నుండే సాగేది. బైపాసు ఏర్పడిన పిదప దూరప్రయాణపు లారీలు వెలుపలికి తరలినవి గాని, అంగళ్లు కదలలేదు. 1866లో పురపాలక సంఘం ఏర్పడిన నాడు ఈ వీధులు ఎద్దుబండ్లకు, కాలినడకకు సరిపోయేవి. 2004లో పట్టణం నగరపాలక సంస్థ అయినది. పేరు పెరిగినంత మాత్రాన వీధి వెడల్పు పెరగదు గదా!

ఇట్టి రోడ్ల ప్రక్కన పాత అంగళ్ల వరుసను పడగొట్టి, అదే స్థలంలో అంతస్తుల వాణిజ్య భవనం లేపుట నేడు ఆనవాయితీ అయినది. మేము దీనికి విరోధులం కాము. మన విద్యాసంస్థలకు, ధర్మసంస్థలకు రోడ్డు ప్రక్కనున్న నాలుగు అంగళ్ల అద్దెయే ఆధారమన్న సంగతి పాలకవర్గం వారికి మేము చెప్పనక్కర లేదు. ఆ అద్దె పెరిగిన, పేద విద్యార్థుల ఫీజులకు కొంత దారి దొరుకుతుంది. వక్ఫు చట్టానికి 2013లో వచ్చిన సవరణతో వాణిజ్య అవసరాలకు 30 సంవత్సరాల వరకు లీజుకిచ్చే వీలు కలిగింది. కాని 30 సంవత్సరాలనగా ఒక తరం. నేడు గేటు ఎక్కడ పెట్టుదుమో, ఒక తరమంతా అక్కడనే రోడ్డు దాటవలసి ఉంటుంది. మా ఆందోళన ఇక్కడ మొదలగుచున్నది.

ప్లాను పరిశీలన అనగా స్తంభాలు, శ్లాబులు, మెట్లు, వదలిన ఖాళీ స్థలం, ఇంతవరకే అని పలువురి భావన. ప్లాను కాగితంపై రోడ్డు ఒక గీత మాత్రమే. ఆ గీతపై బస్సు లేదు, ఆటో లేదు, పుస్తకాలు పట్టుకొని నిలిచిన బాలిక లేదు. భవనం లోపలి తప్పు యజమానికి నష్టం. గేటు దగ్గరి తప్పు దారిన పోయేవారికి నష్టం. కావున మా అభిప్రాయంలో ఇంజనీరింగు పరిశీలన ప్రహరీ గోడకు వెలుపలనే ఆరంభం కావలెను.

ఒక చిన్న లెక్క చూడండి. పార్కింగు గేటు వద్ద చీటీ చింపి ఇచ్చుటకు ఒక్కొక్క కారుకు 12 సెకన్లు పట్టుననుకొందాము. నిమిషానికి 5 కార్లు లోనికి పోగలవు. పండుగ ముందటి సాయంకాలం నిమిషానికి 8 కార్లు వచ్చిన, ప్రతి నిమిషమూ 3 కార్లు వెలుపల మిగులును. అయిదు నిమిషాలకు 15 కార్లు. కారుకు 6 మీటర్ల చొప్పున 90 మీటర్ల బారు. ఆ బారు నిలిచేది యజమాని స్థలంలో కాదు, మనందరి రోడ్డు మీద! అదే చీటీల గదిని లోపలికి జరిపి, బారుకు కావలసిన చోటు ఆవరణలోనే వదలిన పీడ వదలును. దీనికి అదనంగా అయ్యే ఖర్చు స్వల్పం. అద్దెకు పోగల రెండు అంగళ్లు తగ్గునేమో, అంతే. ఆ రెండు అంగళ్ల దగ్గరనే మనసు ఒప్పదు.

చూపు సంగతి మరొకటి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం, ఎదుటి అడ్డును చూచి ఆగుటకు 60 మీటర్ల దూరం కావలెనని ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు ప్రమాణం. గేటు ప్రక్కన ప్రచార బోర్డు నిలిపిన, ఆటోలు బారులు తీరిన ఆ దూరం హరించిపోవును. అదే సంస్థ కాలిబాటకు కనీసం 1.8 మీటర్ల అడ్డులేని వెడల్పు ఉండవలెనన్నది. మన ఊరిలో అట్టి కాలిబాటపై నడచిన వారుంటే వారు అదృష్టవంతులు.

ఇక నీరు. నెల్లూరుకు వానలు విశేషించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసాలలో ఈశాన్య రుతుపవనాలతోను, వాయుగుండాలతోను వచ్చును. ఒక ఎకరంపై 10 సెంటీమీటర్ల వాన కురిసిన, అది సుమారు 4 లక్షల లీటర్లు. పాత పెరడు, మట్టి నేల అందులో కొంత త్రాగేవి. కాంక్రీటు త్రాగదు, అంతయు కాలువకు పంపును. కాలువ చాలదు. మాగుంట లేఅవుటు రైలు వంతెన క్రింద వానాకాలంలో నిలిచే నీటిని చూచినవారికి వివరించ పనిలేదు. 2021 నవంబరులో పడుగుపాడు వద్ద రైలు మార్గము, జాతీయ రహదారి తెగిపోయినవి గాని, అది పెన్న వరద. ఇది వీధి నీరు. రెంటినీ కలిపి దైవం మీద త్రోయుట న్యాయం కాదు. వీధి నీటికి కారకులం మనమే.

వాహనాలకని చూపిన సెల్లారు తరువాత గోదాము, షోరూము అగుట మన పట్టణాలలో కొత్త కాదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఒక లాడ్జి భవనపు అడుగు భాగంలోని విద్యుత్ ద్విచక్ర వాహనాల షోరూములో పుట్టిన మంటల పొగ పై అంతస్తులకు ప్రాకి 8 మంది మరణించిరి. త్రవ్వుటయందును అపాయమున్నది: 2024 నవంబరులో హైదరాబాదు గచ్చిబౌలి ప్రాంతంలో ప్రక్క స్థలంలో త్రవ్విన గోతి వలన ఒక బహుళ అంతస్తుల ఇల్లు ఒరిగిపోగా, దానిని కూల్చివేయవలసి వచ్చింది. గోతి ఒకరిది, ఇల్లు మరొకరిది.

నిబంధనలు లేవా, ఇంకను పరిశీలన యెందుకని కొందరందురు. ఉన్నవి. రాష్ట్రానికి 2017 నాటి భవన నిర్మాణ నియమాలున్నవి. జాతీయ రహదారిపైకి దారి తీయుటకు అనుమతి కోరే 2002 నాటి చట్టమున్నది. నియమం సగటు స్థలానికి వ్రాసినది. మన గేటు ఎదుట ఏ బస్సు ఆగునో దానికి తెలియదు. బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ నాడు స్వర్ణాల చెరువు వైపు దారులన్నీ ఎట్లుండునో ఏ నియమావళిలో ఉన్నది?

ఈ పనిలో విద్యార్థులకు భాగమున్నదని మా మనవి. ప్రొద్దున కళాశాల వేళ, సాయంకాలం బజారు వేళ, ఒక పండుగ నాడు, పదిహేను నిమిషాలకొక పర్యాయం వాహనాలను, రోడ్డు దాటేవారిని లెక్కించి వ్రాసుకొనుటకు కాగితము, గడియారము చాలును. ఆ లెక్కలను పాలకవర్గం వారు లీజు పత్రంపై సంతకానికి ముందే ఇంజనీరు చేతిలో ఉంచవలెను. ఆ ఇంజనీరు కట్టే కంట్రాక్టరు జీతగాడు కాకూడదు. అతని నివేదికను తెలుగులోను, ఉర్దూలోను వ్రాయించి, పని మొదలగుటకు ముందు నెల దినములు ఆ స్థలం గోడకే అంటించవలెను.