విమానముల సమ్మె – ప్రయాణికుని హక్కు

2022 సెప్టెంబరు 2న జర్మనీలో లుఫ్తాన్సా పైలట్లు వేతనములకై ఒక దినము సమ్మె చేసిరి. సుమారు 800 విమానములు నిలిచినవి. ఢిల్లీలో సైతము వందలాది ప్రయాణికులు చిక్కుకొనిరి.

శ్రామికుల సమ్మె హక్కును మేము కాదనము. కాని దాని భారమును ప్రయాణికుడు మోయుట న్యాయము కాదు. సొంత సిబ్బంది వేతనములకై చేసిన సమ్మెను సాకుగా చూపి పరిహారము ఎగవేయరాదని 2021లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానము తీర్పు చెప్పినది.

మార్గమధ్యమున విమానము మారు ప్రయాణమంతయు ఒకే టిక్కెట్టుపై ఉన్నచో, తరువాతి విమానము భాగస్వామ్య సంస్థదైనను, గమ్యము చేర్చు బాధ్యత తప్పదు. వేర్వేరుగా కొన్నచో మొదటిది రద్దుకాగా రెండవది వ్యర్థమగును. ఆ నష్టము మనదే. విదేశవిద్యకై అప్పు చేసి పోవు విద్యార్థికి ఇది చిన్న నష్టము కాదు. కావున టిక్కెట్లు అమ్మువారు ఈ భేదమును తెలుగు, ఉర్దూ భాషలలో ముందే తెలుపవలెనని మా అభిప్రాయము.