ఇంజను మారింది, ఆర్‌సీ బుక్కు మారలేదు

ముదినేపల్లి దగ్గర ఒక కౌలు రైతు ట్రాక్టరు ఇంజను బ్లాకు సరిగ్గా దమ్ముల రోజుల్లో పగిలింది. కాలవకు నీళ్లు వదిలారు, నారు ముదురుతోంది. తన చేను సంగతి అటుంచి, ఇంకో పదిమందికి దమ్ము చేస్తానని మాటిచ్చి ఉన్నాడు. కొత్త ఇంజను ధర విని కూలబడ్డాడు. "బండి మొత్తం అమ్మినా అంత రాదు గదండీ" అన్నాడు మాతో. చివరికి తుక్కు కింద పోయిన వేరే కంపెనీ ట్రాక్టరు ఇంజను అందులో మూడో వంతుకు దొరికితే, గుడివాడ షెడ్డులో దాన్నే బిగించారు.

ఇది తప్పని పట్నంలో కూర్చుని చెప్పడం తేలికే. బ్యాంకుకు పొమ్మంటారా? 2011లో కౌలుదారులకు గుర్తింపు కార్డుల చట్టం తెచ్చారు. 2019లో ఇంకో చట్టం తెచ్చి, కార్డు కావాలంటే భూయజమాని సంతకం ఉండాలన్నారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం, అడిగితే కౌలు పోతుందేమోనని రైతు భయం. ఇక ట్రాక్టరు ఇంజనుకు అప్పు ఇచ్చేదెవరు? 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. మంచిదే. కానీ ఆ తగ్గింపు షోరూము గడప తొక్కగలిగినవాడికే. తుక్కు కొట్టులో బేరమాడేవాడికి దానివల్ల ఒరిగిందేమిటి?

ఒక బండి ఇంజను ఇంకో బండికి ఎక్కించడం మన రైతు కనిపెట్టిన దొంగ విద్యేమీ కాదు. అమెరికా కంపెనీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి మహీంద్రా వారు 1963లో బి-275 ట్రాక్టరు తయారీకి పూనుకున్నారు. 1973 చమురు సంక్షోభంతో పెట్రోలు ధర మండిపోయిన ఆ దశాబ్దంలోనే ఆ ట్రాక్టరు ఇంజను డీజిల్ జీపుల్లోకి ఎక్కింది. కంపెనీ చేస్తే అది పరిశ్రమాభివృద్ధి. రైతు చేస్తే నేరం! అయితే కంపెనీకి డ్రాయింగులు గీసే ఇంజనీర్లు, పరీక్షించే స్థలం ఉన్నాయి. రైతుకు ఉన్నదల్లా మెకానిక్కు చేతి వాటం, లేతు మిషను. తేడా అక్కడుంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు.

లారీకి, జీపుకు కింద చాసిస్ ఉంటుంది, ఇంజను దానిమీద కూర్చుంటుంది. మామూలు ట్రాక్టరుకు అలా కాదు. ముందు యాక్సిలు ఇంజనుకు బిగుస్తుంది, వెనక గేరుబాక్సు దానికే బిగుస్తుంది. అంటే ఇంజనే బండికి వెన్నెముక. వేరే కంపెనీ ఇంజను పెడితే బోల్టుల బెజ్జాలు కలవవు. మధ్యలో మందపాటి ఇనప ప్లేటు కోయించాలి. ఆ ప్లేటు వెంట్రుకవాసి పక్కకు జరిగినా క్లచ్ షాఫ్టు బేరింగు అరిగిపోతుంది. క్లచ్ ప్లేటు పళ్లు పాత షాఫ్టుకు సరిపోవాలి. పీటీఓ షాఫ్టు 540 చుట్లు తిరగాలని లెక్క. ఇంజను వేగం తేడా వస్తే ఆ లెక్క తప్పి, రొటవేటరు దెబ్బతింటుంది. ఇవన్నీ కుదిరినా రేడియేటరు చాలకపోవచ్చు. మన రైతుకు జరిగింది అదే. ఇనప చక్రాలతో బురదలోకి దిగిన గంటకే నీళ్లు మరిగాయి. రేడియేటరు మార్చేసరికి రెండు రోజులు పోయాయి, రెండు దమ్ములు వేరేవాళ్లకు పోయాయి.

చెరువు గట్టు మీద పంపుకు పాత లారీ ఇంజను బిగించుకుంటే ఇంత తంటా లేదు. ఒకచోట కదలకుండా ఉంటుంది, రోడ్డెక్కదు. అలా ఏళ్ల తరబడి చేపల చెరువులకు నీళ్లు తోడుతున్న ఇంజన్లను ఈ ప్రాంతంలో చూస్తూనే ఉన్నాం.

రోడ్డెక్కితేనే చిక్కు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీ బుక్కుకూ తేడా వచ్చే మార్పులు చేయరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. మార్పుకు ఆమోదం పొందినా, చేసిన 14 రోజుల్లో రిజిస్టరింగు అధికారికి తెలపాలి. ధాన్యం బస్తాలతో ట్రక్కు గుడివాడ - కైకలూరు రోడ్డు మీద వెళుతుండగా ఏదైనా జరిగిందనుకోండి. ఇంజను నంబరు ఒకటి, బుక్కులో నంబరు ఇంకొకటి. బీమా కంపెనీకి తప్పించుకునే దారి దొరికినట్టే. దెబ్బతిన్నవాడి కుటుంబానికి నష్టపరిహారం ఎవడివ్వాలి? ఆ కౌలు రైతేనా? కనుక రైతు సోదరులకు మేము చెప్పేది: పాత ఇంజను కొనేటప్పుడు నంబరుతో సహా కొనుగోలు కాగితం రాయించుకోండి, బిగించకముందే రవాణా ఆఫీసులో అడగండి. కాగితం లేని ఇంజను ఎంత చవకైనా వద్దు. అది దొంగ బండిది కాదని ఎవరు చెప్పొచ్చారు?

ఇక పాలకులను మేము అడిగేది. రాష్ట్రంలో ఆగ్రోస్ పెట్టింది 1968లో. యంత్రాలు అమ్మిపెట్టడంతోనే రైతు అవసరం తీరదు. పాత ఇంజన్లను పరీక్షించి, ఏది ఏ ట్రాక్టరుకు పనికొస్తుందో చెప్పి, పద్ధతి ప్రకారం బిగించి, సర్టిఫికెట్టు ఇచ్చే వర్కుషాపు ఈ డెల్టాలో ఒకటైనా ఉండొద్దా? ఆ సర్టిఫికెట్టు చూసి ఆర్‌సీ బుక్కులో నంబరు మార్చే ఏర్పాటు మండల కేంద్రంలోనే చేస్తే ఎవరి సొమ్ము పోతుంది? 2022లో ముదినేపల్లి మండలాన్ని కృష్ణా జిల్లా నుంచి తీసి ఏలూరు జిల్లాలో కలిపారు. బండి కాగితాలకు ఇప్పుడు ఎటు పోవాలో ఆ రైతుకు ఎవరూ చెప్పలేదు.

దమ్ములు అయిపోయాయి. ఆ ట్రాక్టరు బాగానే నడుస్తోంది. బుక్కులో మాత్రం పగిలిన ఇంజను నంబరే ఉంది. కోతలయ్యాక ధాన్యం అదే ట్రక్కులో మిల్లుకు పోవాలి.