ఒక్క డాలరు పందెం

ట్రయాథ్లాన్ అనే మాట మన హాస్టల్లో విన్నవాళ్లు తక్కువే ఉంటారు. ఈత, సైకిల్, పరుగు, ఈ మూడింటినీ మధ్యలో విశ్రాంతి లేకుండా ఒకదాని వెంట ఒకటి పూర్తి చేయాల్సిన పందెం అది. చెరువులో ఈదడం, అన్న సైకిల్ తొక్కడం, బస్సు వెనక పరుగెత్తడం మనకేమీ కొత్త కాదు. కానీ ఆ మూడూ కలిస్తే ఒక ఆట అవుతుందని, ఆ ఆట పాతరోజులు తలచుకుని బెంగపడే అభిమానులు కూడా ఉంటారని పీజీలో చేరేదాకా నాకూ తెలియదు. ఆ బెంగ ఎంతవరకు న్యాయమో నాకు తోచింది రాస్తున్నాను.

ముందు కథ తెలియాలి. ఇలాంటి మూడాటల పందేలు 1920లలోనే ఫ్రాన్స్‌లో జరిగాయి. అయితే ట్రయాథ్లాన్ అనే పేరు పెట్టుకుని జరిగిన పందెం మాత్రం 1974 సెప్టెంబరు 25, బుధవారం సాయంత్రం, అమెరికాలోని శాన్ డియాగో నగరంలో, మిషన్ బే ఒడ్డున జరిగింది. జాక్ జాన్‌స్టన్, డాన్ షానహాన్ అనే ఇద్దరు దానికి పూనుకున్నారు. ప్రవేశ రుసుము ఒక్క డాలరు. అప్పటి లెక్కన మన 8 రూపాయలు! పాల్గొన్నది 46 మంది. బహుమతుల మీద పేరు చెక్కే అతను ఈ మాటకు అక్షరాలు ఎలా రాయాలని జాన్‌స్టన్‌నే అడిగాడట. నిఘంటువులో ఉంటే కదా!

ఆ సాయంత్రం పాల్గొన్నవాళ్లలో జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి ఉన్నాడు. తర్వాత ఆయన హవాయి దీవులకు బదిలీ అయ్యాడు. 1977లో అక్కడొక బహుమతి ప్రదాన సభలో, ఈతగాళ్లు గొప్పా, పరుగుగాళ్లు గొప్పా అని వాదన నడుస్తుంటే, అసలు గట్టివాడు బెల్జియం సైకిల్ వీరుడు ఎడీ మెర్క్స్ అని ఈయన అందుకున్నాడు. సరే, తేల్చుకుందామన్నారు. ఆ దీవిలో అప్పటికే ఉన్న మూడు వేర్వేరు పోటీలను ఒకే రోజులోకి కుట్టేశారు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 42 కిలోమీటర్ల మారథాన్! 1978 ఫిబ్రవరి 18న 15 మంది బయలుదేరితే 12 మంది పూర్తి చేశారు. గోర్డన్ హాలర్ అనే టాక్సీ డ్రైవరు 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన జాన్ డన్‌బార్‌కు దారిలో నీళ్లు అయిపోతే వెంట ఉన్న స్నేహితులు బీరు తాగించారు. నవ్వొస్తుంది గానీ అతను పడుతూ లేస్తూ పూర్తి చేశాడు. ఐరన్‌మాన్ అని పేరుపొందిన పందెం అదే.

పాత అభిమానులు మురిసిపోయేది ఈ రోజులను చూసే. ఆ పొట్టి నిక్కర్లు, మామూలు సైకిళ్లు, ఎవరికీ నియమాలు సరిగా తెలియని ఆ అమాయకత్వం! ఇప్పుడంతా వ్యాపారమైపోయిందని వారి బాధ. అందులో నిజముంది. 2015లో ఐరన్‌మాన్ కంపెనీని చైనాకు చెందిన వాండా సంస్థ 65 కోట్ల డాలర్లకు కొన్నది. 2020లో అది మళ్లీ చేతులు మారింది. ప్రపంచ పోటీ ప్రవేశ రుసుము వెయ్యి డాలర్లు దాటింది. ఒక్క డాలరెక్కడ, వెయ్యి డాలర్లెక్కడ?

అయినా నేను వారితో పూర్తిగా ఏకీభవించలేను.

నేను ఇంటర్లో ఉన్నప్పుడు జిల్లా స్థాయి పరుగు పోటీకి నా పేరు వచ్చింది. రుసుము ఏమీ లేదు. కాకపోతే బూట్లు, రానుపోను చార్జీలు ఎవరివి వారే చూసుకోవాలన్నారు. నేను వెళ్లలేదు. అందుకే 1978 పందెం గురించి చదువుతుంటే నా చూపు ఆ కొద్దిపాటి రుసుము మీద కాక మరో నియమం మీద పడింది. ప్రతి పోటీదారూ తన సహాయకులను తానే తెచ్చుకోవాలి. నీళ్లు, తిండి అందించడానికి మనుషులు, వాళ్లు వెంట రావడానికి బండి. ఇవి లేనివాడికి రుసుము ఎంత తక్కువైతే ఏం లాభం? ఈనాడు వెయ్యి డాలర్లు పుచ్చుకునే పందెంలో దారి పొడవునా నీళ్లిచ్చే స్వచ్ఛంద కార్యకర్తలుంటారు. చవక అన్నది వేరు, అందరికీ అందడం వేరు.

ఇంకో సంగతి. 1978లో బయలుదేరిన 15 మందీ మగవాళ్లే. మరుసటి ఏడు లిన్ లెమేర్ ఒక్కతే ఆడమనిషి. ఆమె అందరిలోకీ ఐదో స్థానంలో వచ్చింది! పాతరోజులు బంగారమనేవాళ్లు ఈ ముక్క కూడా కలిపి చెబితే బాగుండును.

టెలివిజన్ వచ్చి ఆటను చెడగొట్టిందనే మాట ఉంది చూశారూ, అది నాకు మరీ విచిత్రంగా తోస్తుంది. 1982 ఫిబ్రవరిలో జూలీ మాస్ అనే కాలేజీ విద్యార్థిని తన థీసిస్ పరిశోధన కోసం ఈ పందెంలో దిగింది. అప్పుడామెకు 23 ఏళ్లు, సరిగ్గా నా వయసు. (థీసిస్ కోసం నేను గ్రంథాలయం మెట్లెక్కడమే గొప్ప అనుకుంటున్నాను.) ఆడవాళ్లందరికన్నా ముందుండి, గమ్యం కొద్ది గజాలుందనగా కూలబడింది. కాథలీన్ మెకార్ట్‌నీ ఆమెను దాటి గెలిచింది. జూలీ చేతులమీద, మోకాళ్లమీద పాకుతూ 29 సెకన్ల తేడాతో గీత దాటింది. అభిమానులు కళ్లనీళ్లు పెట్టుకుని తలచుకునే ఆ దృశ్యాన్ని ఏబీసీ టెలివిజన్ చూపించబట్టే కదా లోకమంతా చూసింది? అది చూసే కదా వేలమంది సైకిళ్లు కొన్నది, డబ్బు వచ్చింది, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో చోటు దొరికింది? తమ జ్ఞాపకాన్ని తమకిచ్చినదాన్నే వీరు తిడుతున్నారు.

నన్నడిగితే పాతరోజుల్లో నిజంగా బెంగపడదగింది మిషన్ బేలో మొదటి సాయంత్రమే. ఆలస్యంగా మొదలుపెట్టిన పందెం పూర్తయ్యేసరికి చీకటి పడిపోయింది. వెనకబడ్డవాళ్లు ఇంకా నీళ్లలోనే ఉన్నారు. ఒడ్డున ఉన్నవాళ్లు కార్లను నీటివైపు తిప్పి నిలబెట్టి, వాళ్లు ఈదుకుంటూ వచ్చేదాకా హెడ్‌లైట్లు వెలిగించి ఉంచారు.