గురులఘువుల విమానం

మా ఇల్లు శంషాబాదులో. నెత్తిమీదుగా విమానం పోతుంటే మాట ఆపి, అది వెళ్లాక మిగిలిన సగం వాక్యం పూర్తిచేయడం మా వీధివారికి అలవాటు. 2008 మార్చి 23న ఇక్కడ విమానాల రాకపోకలు మొదలైనప్పటినుంచీ ఇదే వరస. అంచేత, ఇంటర్మీడియెట్ చదువుతున్న మా అబ్బాయి ఒకనాడు, "నాన్నా, మనమూ ఒక విమానం చేద్దాం" అంటే నేనేమీ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయింది కొలతలు విన్నాక. ఈ కొసనుంచి ఆ కొసకు రెక్క అయిదడుగుల పది అంగుళాలట!

"అంత విమానాన్ని ఎక్కడ పెడతారు?" అంది మా శ్రీమతి. ఆ ప్రశ్నకు జవాబు మా ఇద్దరికీ తోచలేదు. జవాబు తోచని ప్రశ్నను పక్కనపెట్టి పని మొదలుపెట్టడం మగవాళ్లకు కొత్త కాదుగదా!

వాడు ఎంచుకున్నది టైగర్ మాత్. 1931లో మొదటిసారి ఎగిరిన రెండురెక్కల అంతస్తుల విమానం. రెండవ ప్రపంచయుద్ధం రోజుల్లో మన బేగంపేటలో కుర్రవాళ్లు ఎగరడం నేర్చుకున్నది దీనిమీదే. అసలు దాని రెక్కల వెడల్పు 29 అడుగుల 4 అంగుళాలు; మాది అందులో అయిదోవంతు అన్నమాట.

రెక్కమీద రెక్క ఎందుకని మీరడగవచ్చు. కర్రతో, గుడ్డతో ఒకటే పొడుగాటి రెక్క చేస్తే విరిగిపోతుంది. పొట్టివి రెండు ఒకదానిపై ఒకటి పెట్టి, నడుమ గుంజలు నిలిపి, ఏటవాలుగా తీగలు బిగిస్తే తేలికగానూ ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది. రైలు వంతెన ఇనుపచట్రంలో ఉన్న కిటుకే ఇది. 1903లో రైట్ సోదరులు ఎగిరింది ఇలాంటిదానిమీదే. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదునుంచి నైనీకి ఉత్తరాల సంచులు మోసుకుపోయిందీ ఇలాంటిదే.

కర్రకు బదులు మేము వాడింది నురుగుపలకలు. ఇంటికప్పు వేడెక్కకుండా పరుస్తారే, ఆ గట్టి పలకలు. వాటిని కత్తితో కోస్తే అంచులు పిప్పి అవుతాయి. వెదురుబద్దను విల్లులా వంచి నైక్రోమ్ తీగ కట్టి, దానిని బ్యాటరీతో వేడెక్కించి కోస్తే వెన్నలో దారం దిగినట్టు దిగుతుంది. పైన ఉప్పుకాగితంతో రుద్దాలి. పదిహేను రోజులపాటు మా ఇంట్లో తెల్లటి పొడి పడని చోటు లేదు. ఆ రోజుల్లో నేను కాలేజీకి వెళితే, తలమీద సుద్దపొడి అనుకుని, పాఠం బాగా చెబుతున్నానని ప్రిన్సిపాలుగారు సంతోషించారు.

గుంజలకు వెదురుపుల్లలు, తీగలకు గాలపు దారం సరిపోయాయి. అప్పుడు మావాడు నకలు చూపించి, "నాన్నా, పైరెక్క ముందుకు జరిగి, కొసలు మాత్రం వెనక్కి వాలాయేం?" అన్నాడు. కారణం వాడే వెతికి చెప్పాడు. టైగర్ మాత్‌లో ముందుసీటు గురువుగారిది, వెనకసీటు శిష్యుడిది. ఆపదవేళ గురువుగారు పారాచూటుతో దూకబోతే పైరెక్క నెత్తికి అడ్డమట. అంచేత దాని నడిమి భాగాన్ని ముందుకు జరిపారు. దానితో తూకం చెడితే, రెక్కలను వెనక్కి వాల్చి సరిచేశారు. మనిషి ప్రాణం దగ్గర మొదలైన సవరణ విమానం అందానికే గుర్తయి కూర్చుంది!

ఇక రంగు. పసుపుపచ్చ డబ్బా కొనితెచ్చి, నేనే ఉత్సాహంగా తోకమీద పిచికారీ చేశాను. రెండు నిమిషాల్లో తోక పాకంలో పడ్డ పంచదార చిలకలా కరగడం మొదలెట్టింది! డబ్బారంగులో ఉండే ద్రావకాలు నురుగును తినేస్తాయట. ఆ ముక్క డబ్బామీద రాసే ఉంది. చదవడం నా వృత్తి. మా అబ్బాయి ఒక్క మాట అనలేదు. అది మరీ బాధగా ఉంది. కొత్త తోక కోసి, ఈసారి తెల్లజిగురులో నీళ్లు కలిపి, పలుచటి కాగితం అంటించి, నీటిరంగు పూశాము.

రంగు ఆరాక తూకం చూశాము. రెక్క కింద రెండువైపులా చెరో వేలూ ఆనించి ఎత్తితే విమానం సమంగా నిలవాలి. మాది తోకమీద కూలబడింది. తెలుగు పంతులును గనక నాకు ఛందస్సు గుర్తుకొచ్చింది. ఇంగ్లీషువాడి మాటకు మనవాళ్లు గురుత్వకేంద్రమని ఊరికే పేరు పెట్టలేదు. ముక్కు పొట్టి, తోక పొడుగు. తక్కెడలో పొడుగు వైపు చిన్న బరువయినా పొట్టి వైపు పెద్ద బరువును ఎత్తేస్తుంది. తోకలో నేను పోసిన జిగురూ రంగూ కొన్ని గ్రాములే. దానికి ముక్కులో అంతకు మూడింతలు పెట్టాల్సివచ్చింది. బ్యాటరీని ముందుకు నెట్టి, మోటారు పక్కన సీసపు ముక్కలు అంటించాము. గురువు ముందు, లఘువు వెనక. గణం కుదిరింది.

ఆ ఆదివారం పొద్దున మా అమ్మ డాబామీద కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఇరుగుపొరుగు పిల్లలూ చేరారు. ఇంటివెనక ప్లాట్లు ఖాళీగా ఉన్నాయి. మావాడు రిమోటు పట్టుకుని నావంక చూశాడు.

"మనకిక్కడ ఎగరేసే వీల్లేదు నాన్నా," అన్నాడు మెల్లిగా. 2021 డ్రోన్ నిబంధనల్లోకి ఇలాంటి ఆటవిమానాలూ వస్తాయి. విమానాశ్రయం ప్రహరీనుంచి 8 కిలోమీటర్లలోపు నేలమట్టంనుంచే అనుమతి కావాలి. 8కీ 12కీ నడుమ 200 అడుగుల ఎత్తువరకు సరే. ఆ దూరం దాటాక, మరే ఆంక్షా లేని చోట, 400 అడుగులు.

ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. అయినా రెండు నెలల శ్రమ, ఎదురుగా అమ్మ. ఆమెకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కడమే గగనం. "ఒక్క చుట్టే గదరా, ఇంటికప్పు ఎత్తునే" అన్నాను. నా నోటినుంచే వచ్చింది సుమండీ ఆ మాట!

సరిగ్గా అప్పుడే ఒక పెద్ద విమానం చక్రాలు దించుకుని ఉరుముతూ దిగింది. అమ్మ తలెత్తి అది కనుమరుగయ్యేదాకా చూసింది.

"అండ్ల ఎంతమందుంటరు కొడుకా?"

"నూటయెనభైమంది దాకా ఉండొచ్చమ్మా."

"మొన్న మీ చెల్లె పిల్లల్ని తీస్కొని అసోంటిదాంట్లనే గదా దిగింది. నాకు సూపియ్యాలని గింత పని జేస్తవా? నన్ను కారుల కూసోబెట్టు. ఏడ ఎగరేయొచ్చునో ఆడికే పోదాం."

టైగర్ మాత్‌లో పైరెక్కను ముందుకు జరిపినవారి బుద్ధి అదే. ఎమ్మే చదివిన నాకు, నకలు ముందుపెట్టుకుని కూడా, అది తోచలేదు.

మర్నాటి ఆదివారం వేకువనే రెక్కలూడదీసి కారు వెనకసీటులో సర్దాము. అమ్మ ముందుసీటులో, మళ్లీ గురువు ముందే. షాద్‌నగర్ దాటాక, ముందుగానే మ్యాపులో చూసుకున్న చోట, మా బంధువుల బీడుభూమి ఉంది. గాలి లేదు. మావాడు దూరంనుంచి మీట నొక్కితే పసుపు విమానం గడ్డిలో గంతులేస్తూ పరుగెత్తి, తోక లేపి, నేలను వదిలేసింది. ఒక్క క్షణం ఎడమకు తూగింది, మావాడు సరిదిద్దాడు. రెండు రెక్కల నడుమనుంచి పొద్దుటి ఎండ కనపడింది. అమ్మ నోరు తెరిచి చూస్తూండిపోయింది.

నాలుగు నిమిషాలు ఎగిరింది. దిగేటప్పుడు గట్టు తగిలి మూతిమీద బోర్లాపడింది. కిందిరెక్క కొస విరిగింది. నేను గతుక్కుమన్నాను. అమ్మ మాత్రం నవ్వి, "నువ్వు నడక నేర్సినప్పుడు గిట్లనే పడ్డవు" అంది.

తిరుగుదారిలో శంషాబాదు దగ్గరకొచ్చేసరికి నెత్తిమీదుగా మళ్లీ ఒక విమానం. అందరం మాట ఆపాము. అది వెళ్లాక మావాడు వెనకనుంచి సగం వాక్యం పూర్తిచేశాడు: "...ఈసారి తోకకు రంగు నేను వేస్తాను నాన్నా."