టేబుల్ పోగొట్టి ప్రశ్నపత్రం ఇవ్వండి

శాతవాహన విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, కంప్యూటర్ సైన్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు,



డిగ్రీలో డీబీఎంఎస్ ల్యాబ్‌కు పోయి వచ్చిన పిల్లలను కదిపి చూడండి. స్మిత్ జీతం 800 అని నిద్రలో లేపినా చెప్పేవాళ్లు దొరుకుతారు. స్మిత్ గుమస్తా. కింగ్ ప్రెసిడెంటు, జీతం 5,000. ఒరాకిల్ కంపెనీ నమూనాగా ఇచ్చిన ఎంప్ టేబుల్‌లోని ఈ ఉద్యోగులకు దశాబ్దాలుగా ఇంక్రిమెంట్ లేదు. ఆ టేబుల్ దగ్గరికి పోవడానికి ఖాతా పేరు స్కాట్, పాస్‌వర్డ్ టైగర్. స్కాట్ అంటే ఒరాకిల్ తొలి ఉద్యోగుల్లో ఒకరైన బ్రూస్ స్కాట్. టైగర్ ఆ ఇంటి పిల్లి. ధర్మపురి నుంచి వచ్చిన విద్యార్థి అయినా, పెద్దపల్లి నుంచి వచ్చిన విద్యార్థి అయినా ఆ టేబుల్ మీద నాలుగు సెలెక్ట్‌లు, రెండు జాయిన్‌లు రాస్తారు, ప్రింటవుట్ తీసి రికార్డులో అతికిస్తారు. ఎక్స్‌టర్నల్ సంతకం పడుతుంది. సబ్జెక్టు అయిపోతుంది.

అదే విద్యార్థిని ఇంకో ప్రశ్న అడగండి. ఈ టేబుల్‌ను ఎవరో చెరిపేశారు, నిన్న సాయంత్రం ఎట్లా ఉందో అట్లా తెచ్చి ఇవ్వగలవా? చాలాచోట్ల జవాబు రాదు. తప్పు పిల్లలది కాదు. ఆ పని వాళ్లతో ఎవరూ చేయించలేదు. పాఠ్యపుస్తకాల్లో రికవరీ అధ్యాయం ఎక్కడో చివర్లో ఉంటుంది, సెమిస్టర్ అక్కడికి చేరేసరికి ఇంటర్నల్స్ వచ్చిపడతాయి.

లెక్క పోకుండా కాపాడటం ఎంత పనో మా ఊరి గుడే గుర్తుచేస్తుంది. ధర్మపురిలో నరసింహస్వామి గుడి ప్రాంగణంలోనే యమధర్మరాజుకూ గుడి ఉంది. ధర్మపురికి వచ్చినవారికి యమపురి ఉండదని నానుడి. యముడి కొలువులో చిత్రగుప్తుడు చేసేది డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ పనే: ప్రతి లెక్కా ఎక్కాలి, ఎక్కింది పోకూడదు, ఎవరు పడితే వాళ్లు దిద్దకూడదు, అడిగిన క్షణంలో తీసి చూపాలి. కాకపోతే ఆయనకు కరెంటు పోదు, డిస్కు చెడిపోదు. మా జగిత్యాల జిల్లాలో రెండూ జరుగుతాయి.

లెక్క తప్పితే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. గోదావరి దాటితే మంచిర్యాల జిల్లా జన్నారం. 2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు అక్కడి ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా పడింది. ఫస్టియర్‌లో అదే సబ్జెక్టులో ఆమెకు 98. మళ్లీ చూస్తే సెకండియర్ అసలు మార్కులు 99. పేపరు దిద్దినవారు ఓఎంఆర్ షీటు మీద 99కి బదులు 00 గళ్లు నింపారని తేలింది. రాష్ట్రమంతా అట్టుడికిన ఆ ఫలితాల మీద ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది.

చేతి పొరపాటే కదా, డేటాబేస్‌కు ఏం సంబంధం అని బోర్డు సభ్యులు అడగవచ్చు. సంబంధం ఉంది. మార్కులు 0 నుంచి 100 లోపే ఉండాలని టేబుల్‌కు కట్టడి పెట్టినా ఈ సున్నా దర్జాగా లోపలికి పోతుంది, ఎందుకంటే సున్నా కూడా చెల్లే అంకెనే. దాన్ని పట్టుకోవాలంటే ఫలితాలు బయటికి రాకముందే ఒకరు కూర్చుని, నిరుడు తొంభై దాటి ఈ ఏడు సున్నా వచ్చినవాళ్లెవరో చూపమని ఒక క్వెరీ రాయాలి. రెండు టేబుళ్లు, ఒక జాయిన్, అంతే. స్మిత్ జీతం కోసం నేర్చుకున్న ఎస్‌క్యూఎల్ దానికి సరిపోతుంది. డేటాను అనుమానించే అలవాటే కొత్తగా నేర్పాలి.

భూమి సంగతి ఇంకా పెద్దది. 2017లో భూరికార్డుల ప్రక్షాళన, 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి. ప్రక్షాళనలో దొర్లిన తప్పులు ధరణి పోర్టల్‌లోకి వచ్చాయి. పేరులో అక్షరం తేడా, విస్తీర్ణంలో గుంటల తేడా, పట్టా భూమి పోయి నిషేధిత జాబితాలో పడటం. వాటిని దిద్దే అధికారం కలెక్టర్ల దగ్గర చేరడంతో తప్పులు దిద్దించుకోవడానికి పోర్టల్‌లో పెట్టిన టీఎం-33 అనే మాడ్యూల్ పేరు రైతుల నోళ్లలో నానింది. 2024లో కొన్ని అధికారాలను ఆర్డీవోలకు, తహసీల్దార్లకు పంచారు. రాజకీయ పార్టీలు దీన్ని తమ పద్ధతిలో చెప్పుకుంటాయి, చెప్పుకోనీయండి. క్లాసులో మాత్రం ఇది గ్రాంట్, రివోక్ పాఠం. పుస్తకంలో అరపేజీ దాటని ఆ రెండు ఆజ్ఞల వెనక ఉన్న ప్రశ్నలు ఇవి: చూసే హక్కు ఎవరికి, దిద్దే హక్కు ఎవరికి, దిద్దినప్పుడు పాత విలువ ఎక్కడ భద్రంగా ఉంటుంది, ఎవరు దిద్దారో ఎక్కడ నమోదవుతుంది? హక్కు మరీ పైన పెడితే పనులు ఆగుతాయి, మరీ కింద పెడితే భూములు మాయమవుతాయి. తెలంగాణలో భూమి తగాదా వస్తే ఇప్పటికీ 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు తెమ్మంటారు. ఏ కంప్యూటరూ లేని రోజుల్లో రాసిన కాగితం నేటికీ చివరి బ్యాకప్‌గా పనికొస్తోందంటే, బ్యాకప్ గురించి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ విదేశీ పుస్తకంలోనూ దొరకదు.

అట్లాగని విదేశాల్లో అంతా పకడ్బందీగా ఉందనుకోవద్దు. ప్రపంచమంతా ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31 రాత్రి ఒక ఇంజనీరు, రెండో సర్వర్‌లో ఫైళ్లు తీసేస్తున్నాననుకుని అసలు సర్వర్‌లో తీసేశారు. ఒకటి రెండు సెకన్లలో తెలిసి ఆపినా, సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మిగిలింది. బ్యాకప్‌ల కోసం చూస్తే రోజువారీ బ్యాకప్ జరగడమే లేదు. డేటాబేస్ వెర్షన్ 9.6, బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్ 9.2. రెండూ పొసగక పని విఫలమవుతోంది. విఫలమైందని వెళ్లాల్సిన మెయిళ్లు కూడా తిరస్కరణకు గురవుతున్నాయి. ఇంకో పని కోసం ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఆదుకుంది. ఆ ఆరు గంటల డేటా మాత్రం తిరిగి రాలేదు. కంపెనీ ఏదీ దాచకుండా పునరుద్ధరణను యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది, తరువాత వివరంగా రాసింది. సెమిస్టర్‌లో రెండు క్లాసులు దీనికే కేటాయించినా దండగ కాదు.

ఈ పనులు నేర్పడానికి డబ్బు పెద్ద అడ్డంకి కాదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పరిశోధనగా మొదలై, 1996 నుంచి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ఇప్పటి పేరుతో నడుస్తోంది. గిట్‌ల్యాబ్‌లో ఆ రాత్రి పోయిందీ పోస్ట్‌గ్రెస్ డేటాబేసే. పాత ల్యాబ్ కంప్యూటర్ల మీదా నడుస్తుంది. ఎంప్ టేబుల్‌కు సెలవిచ్చి వడ్ల కొనుగోలు కేంద్రం టేబుల్ పెట్టుకోవచ్చు. రైతు, సంచులు, తూకం, బ్యాంకు ఖాతా. సంచులు ఎక్కాయి, డబ్బు ఎక్కే లోపు కరెంటు పోయింది. అప్పుడు సగం పని నిలవకూడదు, పూర్తిగా జరగాలి లేదా అసలే జరగనట్టు ఉండాలి. ట్రాన్సాక్షన్ అంటే ఏమిటో వడ్లు అమ్మిన ఇంటి పిల్లలకు ఇంతకు మించి చెప్పే పని ఉండదు.

ఇక ప్రాక్టికల్ పరీక్ష. మూడు గంటల్లో మొదటి గంట విద్యార్థి డేటాబేస్ కట్టి, బ్యాకప్ తీసి, వేరే కంప్యూటర్‌లో దాచి, ఇద్దరు వాడకందార్లకు వేర్వేరు హక్కులు ఇవ్వాలి. తరువాత ఎక్స్‌టర్నల్ వచ్చి ఒక టేబుల్ చెరిపేసి, ఇంకోదాంట్లో పది వరుసలు తారుమారు చేసి టీ తాగడానికి పోవాలి. తిరిగి వచ్చేసరికి పోయినవి వెనక్కి వచ్చి ఉండాలి. బ్యాకప్ తరువాత ఎక్కి, తిరిగి రానివి ఏవో విద్యార్థి చెప్పగలగాలి. రానివాటిని రాలేదని ఒప్పుకున్నందుకూ మార్కులుండాలి. రికార్డు పుస్తకానికి ఇచ్చే మార్కుల్లోంచి సగం దీనికి మళ్లిస్తే చాలు, కొత్త పేపరు పెట్టనక్కర్లేదు. వచ్చే విద్యా సంవత్సరం మొత్తానికీ కాకపోతే, ముందు ఒక సెమిస్టర్‌కు, ఒప్పుకున్న నాలుగైదు కాలేజీల్లో మొదలుపెట్టవచ్చు.

ధర్మపురి నుంచి