కీచుమన్న చక్రం

కర్నూలు నుంచి కడపకు నాలుగు వరుసల రోడ్డు పడ్డాక బ్రేకు తొక్కే పని బాగా తగ్గింది. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు... టోల్‌గేట్ల దగ్గర తప్ప కాలు యాక్సిలరేటర్ మీదే. మొన్న ఎండాకాలంలో ఓ టోల్‌గేటు దగ్గరే నా పాత కారు మొదటిసారి కీచుమంది. సన్నగా, పలక మీద బలపం గీసినట్టు. దుమ్ము పట్టిందిలే అనుకున్నాను. చాగలమర్రిలో టీకి ఆగినప్పుడు వంగి, చక్రం సందుల్లోంచి చూశాను కూడా. బ్రేక్ ప్యాడ్ ఇంకా అర సెంటీమీటరు మందం కనిపించింది. నిశ్చింతగా టీ తాగి బయల్దేరాను.

కడపలో మామ ఇంటి గేటు ముందు బ్రేకు తొక్కగానే, వరండాలో పేపరు చదువుతున్న ఆయన లేచి వచ్చాడు. ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసి రిటైరైన మనిషి. క్షేమ సమాచారాలు తర్వాత. "ఎన్నాళ్ల నుంచి అరుస్తాండాది అల్లుడూ?" అన్నాడు ముందు. మర్నాడు అందరం రాయచోటికి పోవాలి. అంటే గువ్వలచెరువు ఘాట్ ఎక్కి, సాయంత్రం మళ్లీ దిగాలి. "చక్రం విప్పి చూడకుండా ఈ కారు ఘాటెక్కదు" అని తేల్చేశాడు.

కడప వాళ్లకు ఆ ఘాట్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2024లోనూ, 2025లోనూ అక్కడ లారీ, కారు ప్రమాదాల్లో ప్రాణాలు పోయాయి. ఘాట్‌లో బ్రేకుల మీద పడే భారం ఎంతో ఓ చిన్న లెక్క చూడండి. టన్ను బరువున్న కారు 200 మీటర్ల ఎత్తు నుంచి బ్రేకుల మీదే దిగితే పుట్టే వేడితో ఆరేడు లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. ఆ వేడిలో ఎక్కువ భాగం ముందు చక్రాల్లోని రెండు ఇనుప పళ్లేలు, వాటిని ఇరువైపులా పట్టే అరచేతి సైజు ప్యాడ్లు మోయాలి. ఆ పళ్లేన్నే పుస్తకాల్లో రోటర్ అంటారు, మన షెడ్లలో డిస్కు అంటారు.

మామ ఇంటి ముందు పరిచినవి కడప బండలు. వాటి మీద జాకీ వద్దన్నాడు. కింద మట్టి కుంగి బోలుగా ఉంటే బరువుకు బండ పెళ్లున పగులుతుందట. సిమెంటు చేసిన చోటికి కారు జరిపాం. హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు కాదు, మందపాటి చెక్కలు పెట్టించాడు. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తాం. ఎత్తాక కింద స్టాండు. స్టాండు లేకుండా, జాకీని నమ్మి కారు కింద చెయ్యి పెట్టేవాళ్లంటే మామకు ఒళ్లుమంట.

చక్రం వచ్చేశాక నల్లటి దుమ్ము కనిపించింది. అలవాటుగా ఉఫ్‌మని ఊదబోయాను. భుజం పట్టి వెనక్కి లాగాడు. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకు చేటు. మార్కెట్లో దొరికే ఏ ప్యాడ్‌లో ఏముందో మనకెలా తెలుస్తుంది? ముక్కుకు గుడ్డ కట్టుకుని, తడిగుడ్డతో తుడవడమే పద్ధతి.

డిస్కును కావలించుకున్నట్టుండేది క్యాలిపర్. దాని కింది బోల్టు విప్పితే తలుపు మాదిరి పైకి లేస్తుంది. కొన్ని కార్లలో పూర్తిగా ఊడదీయాలి. అప్పుడు దాన్ని రబ్బరు గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో పైన కట్టాలి. ప్యాడ్లు బయటికి తీసి మామ నా చేతిలో పెట్టాడు. నేను చాగలమర్రిలో చూసింది బయటివైపు ప్యాడ్. దాని మందం నిజంగానే 5 మిల్లీమీటర్లుంది. లోపలివైపుది? ఒక అంచున మసాలా అంతా పోయి ఉక్కు రేకు తేలింది. నా కీచు శబ్దం ప్యాడ్‌కు ఉండే చిన్న ఉక్కు నాలుకది. ప్యాడ్ అరిగాక డిస్కును గీకి మనల్ని హెచ్చరించడానికే దాన్ని పెడతారు. మూడు మిల్లీమీటర్లకు వచ్చేసరికే మార్చేయాలి. నేను ఆ హెచ్చరికతోనే రెండు వందల కిలోమీటర్లు వచ్చాను.

లోపలిది మాత్రమే ఎందుకరిగింది? క్యాలిపర్ అటూ ఇటూ జారడానికి రెండు పిన్నులుంటాయి. పైదాని రబ్బరు తొడుగు చిరిగి, మన సీమ దుమ్మంతా లోపలికి పోయి బిగుసుకుపోయింది. ఇక పిస్టన్ వైపు ప్యాడే నొక్కుకుంటుంది, అదే అరుగుతుంది. పిన్నులు శుభ్రం చేసి, కొత్త తొడుగు వేసి, బ్రేకుల కోసం అమ్మే గ్రీజే రాయాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది. కొత్త ప్యాడ్లు రెండు చక్రాలకూ ఒకేసారి వేయాలి. ఒకవైపు పని పూర్తయ్యాకే రెండోవైపు విప్పితే, ఏది ఎక్కడ బిగించాలో మరచిపోయినా చూసుకోవడానికి ఒక నమూనా ఉంటుంది.

"ప్యాడ్లు సరే. డిస్కు చూసినావా?"

చూశాను. లోపలి ముఖం మీద గోరు తగిలేంత గీతలు. వేడికి నీలం మచ్చలు గానీ, పగుళ్లు గానీ లేవు. వెర్నియర్ పెట్టి కొలిచాను. 20.8 మిల్లీమీటర్లు. డిస్కు మీదే దాని కనీస మందం 20 అని అచ్చు పోసి ఉంది. గెలిచానన్నట్టు మామ వైపు చూశాను. ఆయన జేబులోంచి రెండు రూపాయి నాణేలు తీశాడు. డిస్కు అంచున అరగకుండా ఓ గట్టు మిగిలిపోతుంది, నా వెర్నియర్ పట్టుకున్నది ఆ గట్టునే. నాణేల మందం ముందు విడిగా కొలిచి రాసుకుని, గట్టుకు లోపల డిస్కుకు చెరోవైపు ఒక్కో నాణెం ఆనించి మొత్తం కొలిచి, నాణేల లెక్క తీసేశాడు. 19.4. నాలుగైదు చోట్ల చూశాడు, అంతే. ఇదివరకు ఒకచోట ప్యాడ్లు మార్పించాను. అప్పుడు డిస్కు కొలవలేదు. కొలిచారా అని నేనూ అడగలేదు.

రాయచోటి ప్రయాణం ఒక రోజు వాయిదా పడింది. ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. మామకు ఆ గొడవే పట్టలేదు. కొత్త డిస్కులు రెండూ వచ్చాక వాటి మీది తుప్పుపట్టని నూనెను బ్రేక్ క్లీనర్‌తో కడిగాం. అవి కూర్చునే చోట తుప్పును ఎమరీతో గీకాం. అక్కడ ఇసుక రేణువంత తుప్పున్నా డిస్కు తొణికి, స్టీరింగు వణుకుతుంది. క్యాలిపర్ బ్రాకెట్ బోల్టులు మాత్రం అందాజుగా బిగించనివ్వలేదు. తన శిష్యుడి షెడ్డు నుంచి టార్క్ రెంచ్ తెప్పించాడు. నా ఉద్దేశంలో ఇంట్లో ఈ పని మొదటిసారి చేసేవాళ్లు పక్కన ఇలాంటి మనిషి లేకుండా మొదలెట్టకూడదు. వెనక కూడా డిస్కులుండి, మీట నొక్కితే పడే హ్యాండ్‌బ్రేకు ఉన్న కారైతే వెనక చక్రాల జోలికే పోవద్దు, షెడ్డుకు పంపండి.

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్‌ను లోపలికి నొక్కాలి. పాత ప్యాడ్‌ను అడ్డం పెట్టి, సి క్లాంపుతో మెల్లగా నొక్కాం. అప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం పైకొస్తుంది, పొంగి పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. నా ఆయిల్ రంగు చూసి మామ మొహం చిట్లించాడు. అది గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155కు పడిపోవచ్చు. ఘాట్‌లో మరిగి ఆవిరైందంటే పెడల్ దూదిని తొక్కినట్టుంటుంది. అదీ మార్పించాం.

అంతా బిగించి, తాళం తిప్పబోతుంటే, "ఆగు, పెడల్ తొక్కు" అన్నాడు. తొక్కాను. నేలకు తాకింది! గుండె ఆగినంత పనైంది. పిస్టన్‌ను వెనక్కి నెట్టాం కదా, ప్యాడ్లు డిస్కును అందుకోవడానికి నాలుగైదుసార్లు తొక్కాలి. మరచిపోయి కారు కదిలిస్తే మొదటి బ్రేకు ఉండదు, గేటే ఆపాలి. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద అరవై నుంచి పదిహేనుకు, పూర్తిగా ఆపకుండా, పది సార్లు తగ్గించి ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేశాం.

మర్నాడు రాయచోటి నుంచి తిరిగొస్తూ గువ్వలచెరువులో పాలకోవా కొన్నాం. ఘాట్ దిగుడు మొదలయ్యే ముందే మామ గేరు వైపు చూపించాడు. రెండో గేరు. ఇంజనే పట్టుకుంది, నా కాలికి పెద్దగా పని పడలేదు. వెనక కార్లవాళ్లు హారన్లు కొట్టారు, కొట్టనిచ్చాం. కిందికి చేరాక పక్కకు ఆపమన్నాడు. దిగి ముందు చక్రాల దగ్గర వంగి, చెయ్యి పెట్టకుండా వాసన చూశాడు. ఇటువైపు చూసి, అటువైపు వెళ్లాడు.

"మాడు వాసన లేదు" అన్నాడు డోరు తీసి. "ఇంగ కోవా విప్పండి."